స్ట్రోక్ కేసులో నిమిషాలు ఎక్కడ కారిపోతాయి: విజయవాడ, గుంటూరులో 108నీ ఆసుపత్రులనీ ఒకే గొలుసుగా కట్టే పద్ధతి

గుంటూరు మిర్చి యార్డులో ఉదయం 7:10కి టిక్కీలు మోస్తూ ఒక మనిషి కుప్పకూలాడనుకుందాం. కుడి చెయ్యి లేవడం లేదు, మాట ముద్దగా వస్తోంది. స్ట్రోక్, అంటే పక్షవాతం. పక్కవాళ్లు మొహాన నీళ్లు కొట్టి, కాసిని తాగించి, దగ్గర్లోని ఆర్ఎంపీ దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన బీపీ 200 ఉందని నాలుక కింద బిళ్ళ పెట్టి గంటసేపు చూశాడు. 8:20కి 108కి ఫోన్ చేశారు. 8:55కి ఒక ఆసుపత్రికి చేరారు. అక్కడ సీటీ స్కాన్ టెక్నీషియన్ వచ్చేది 10 గంటలకు. అక్కడి నుంచి ఇంకో ఆసుపత్రికి 9:50. ఓపీ చీటీ, క్యాజువాలిటీ, సీటీ గది ముందు వరుస. సీటీ తీసేసరికి 10:40. న్యూరాలజిస్టు ఫోన్ ఎత్తేసరికి 11 దాటింది. మందు బయట షాపులో కొనుక్కురమ్మన్నారు. సూది చేతికొచ్చేసరికి 11:55. మెదడు రక్తనాళంలో అడ్డం పడిన గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కి ఉన్న నాలుగున్నర గంటల గడువు 11:40కే అయిపోయింది.

ఇందులో ఎవరూ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఎవరి పని వారు చేశారు. సమయం పోయిందల్లా ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతికి రోగి మారే చోట, అంటే అతుకుల దగ్గర. పెద్ద రక్తనాళం మూసుకుపోతే నిమిషానికి దాదాపు 19 లక్షల నాడీకణాలు చచ్చిపోతాయని లెక్క. కొత్త మిషన్లు కొనకుండానే ఈ అతుకులు బిగించవచ్చు. ఆసుపత్రి సూపరింటెండెంట్లు, క్యాజువాలిటీ డాక్టర్లు, నర్సులు, 108 సిబ్బంది, జిల్లా వైద్యాధికారుల కార్యాలయాల్లో పనిచేసేవాళ్లు వాడుకోవడానికి ఈ మార్గదర్శి. ఇంట్లో బీపీ, షుగర్ ఉన్నవాళ్లకు కూడా సగం పనికొస్తుంది.

1. ముందు పటం గీయండి, పేర్లు చూసి కాదు

ఎన్టీఆర్, కృష్ణా, గుంటూరు, పల్నాడు, బాపట్ల జిల్లాలను ఒకే కాగితం మీద పెట్టుకోండి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాయి కానీ రోగి వచ్చే దారి విడిపోలేదు. నరసరావుపేట, సత్తెనపల్లి, చిలకలూరిపేట వాళ్లు గుంటూరే వస్తారు. నందిగామ, మైలవరం, ఉయ్యూరు, గన్నవరం వాళ్లు విజయవాడే వస్తారు.

ప్రతి ఆసుపత్రినీ మూడు తరగతుల్లో ఒకదాంట్లో వేయండి. సీటీ లేనిది ఒకటి. సీటీ ఉండి గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వగలిగినది రెండు. క్యాథ్ ల్యాబ్‌లో తొడ రక్తనాళం గుండా గొట్టం పంపి గడ్డను బయటికి లాగగలిగినది, అంటే థ్రాంబెక్టమీ చేయగలిగినది మూడు. మెదడులో రక్తస్రావానికి ఆపరేషన్ చేసే న్యూరోసర్జన్ ఉన్నారా అన్నది పక్కన ఇంకో గడిలో రాయండి.

తరగతి తేల్చేది బోర్డు కాదు, ఆదివారం రాత్రి 2 గంటలకు చేసే ఫోన్. గుంటూరు జీజీహెచ్ (ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి) అయినా, విజయవాడ జీజీహెచ్ అయినా, మంగళగిరి ఎయిమ్స్ అయినా, బెంజి సర్కిల్ పక్కనున్న కార్పొరేట్ ఆసుపత్రి అయినా అడగాల్సినవి ఇవే: ఈ క్షణం సీటీ గదిలో టెక్నీషియన్ ఉన్నాడా, ఇంటి నుంచి రావాలా? మందు క్యాజువాలిటీ అల్మరాలో ఉందా, ఫార్మసీ తాళం వెనక ఉందా? సూది పెట్టమని చెప్పే అధికారం ఉన్న డాక్టరు డ్యూటీలో ఉన్నారా, ఫోన్‌లో దొరుకుతారా? ఇంటి నుంచి రావడానికి గంట పట్టే టెక్నీషియన్ ఉన్న చోటు, స్ట్రోక్ దృష్టిలో, రాత్రిపూట సీటీ లేని ఆసుపత్రే. ఆ ఆసుపత్రిని పగలు రెండో తరగతిలో, రాత్రి ఒకటో తరగతిలో రాయడానికి మొహమాటపడకండి.

దూరాలు కిలోమీటర్లలో వద్దు, నిమిషాల్లో రాయండి. ఉదయం 9, సాయంత్రం 6, రాత్రి 2, ఈ మూడు వేళలకూ విడివిడిగా. తాడేపల్లి, మంగళగిరి వైపు రోగిని అవసరం లేకుండా కృష్ణ దాటించకూడదు, కనుక నదికి రెండు వైపులా రెండో తరగతి ఆసుపత్రి ఒక్కటైనా ఉండేలా చూడండి. దసరా పది రోజులూ ఇంద్రకీలాద్రి చుట్టూ ట్రాఫిక్ మళ్లిస్తారు. భవానీపురం, ఇబ్రహీంపట్నం వైపు నుంచి వచ్చే అంబులెన్సులకు ఆ రోజులకు వేరే పటం కావాలి, దాన్ని పోలీసు కంట్రోల్ రూమ్‌తో కూర్చుని ముందే గీసుకోవాలి. గుంటూరులో గట్టి వాన పడితే మూడు వంతెనల కింద నీళ్లు నిలుస్తాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ నీళ్లలో ఉన్నప్పుడు అంబులెన్సు ఇంటి ముందుకు రావడమే గగనమైంది. అలాంటి రోజున రోగిని ఎక్కడిదాకా పడవలో తెచ్చి ఎక్కడ బండి ఎక్కించాలో ఆ చోట్లు ముందే రాసి ఉండాలి.

2. ఎక్కడికి తీసుకెళ్లాలన్న నియమం ఒక్క వాక్యంలో ఉండాలి

అంబులెన్సులో కూర్చున్న ఈఎంటీ (అత్యవసర వైద్య టెక్నీషియన్) చేతికి పది పేజీల పుస్తకం ఇస్తే వాడరు. ఈ ఒక్క వాక్యం చాలు: "స్ట్రోక్ అనుమానం ఉంటే దగ్గరి ఆసుపత్రికి కాదు, ఇప్పుడు సీటీ, సూది రెండూ ఉన్న దగ్గరి ఆసుపత్రికి."

దీనికి ఒకే మినహాయింపు, ప్రాణం నిలబెట్టాల్సిన స్థితి. శ్వాస ఆగుతుంటే, నాడి దొరకకపోతే ఏ ఆసుపత్రైనా సరే.

పెద్ద గడ్డ అనుమానం వస్తే నేరుగా థ్రాంబెక్టమీ ఉన్న చోటికి వెళ్లాలా అన్నది చర్చ. నగరం లోపల అదనంగా 15 నిమిషాల లోపే పడితే నేరుగా వెళ్లడం మేలు. పల్లెల నుంచి వచ్చేటప్పుడు మాత్రం తొందరపడి దగ్గరి సూదిని దాటేయకండి. స్పెయిన్‌లోని కాటలోనియాలో నగరం బయటి రోగుల మీద చేసిన రేస్‌క్యాట్ అధ్యయనం 2022లో వెలువడింది. నేరుగా పెద్ద కేంద్రానికి వెళ్లినవారికీ, ముందు దగ్గరి స్ట్రోక్ కేంద్రానికి వెళ్లినవారికీ మూడు నెలల తర్వాత ఫలితంలో తేడా కనపడలేదు. కాకపోతే అక్కడ మొదటి ఆసుపత్రి నుంచి రోగి చకచకా కదులుతాడు. మన దగ్గర ఆ కదలిక ఉంటేనే ఆ ఫలితం మనకూ వర్తిస్తుంది. దాని సంగతి 6వ అంకెలో వస్తుంది.

3. ఫోన్ ఎత్తినవారు వినాల్సిన మాటలు

108కి ఫోన్ చేసేవాళ్లెవరూ "స్ట్రోక్" అనరు. "పక్షవాతం" అని కూడా అందరూ అనరు. "మూతి వంకర పోయింది", "చెయ్యి కాలు పడిపోయాయి", "నోట మాట రావట్లేదు", "మత్తుగా మాట్లాడుతున్నాడు", "గాలి సోకింది", "బీపీ పెరిగి పడిపోయింది", "షుగర్ డౌనైనట్టుంది", "తూలిపోతోంది, వాంతులు" అంటారు. ఈ మాటల్లో ఏది వినపడినా వెంటనే మూడు ప్రశ్నలు: నవ్వమంటే మూతి ఒక పక్కకు పోతోందా? రెండు చేతులూ చాపి పట్టుకోమంటే ఒకటి జారిపోతోందా? చెప్పిన మాట తిరిగి సరిగ్గా పలకలేకపోతున్నారా? ఒక్కదానికి అవునన్నా ఆ కేసు గుండెపోటుతో సమానమైన తొందరలో నడవాలి. ఉన్నట్టుండి చూపు పోవడం, ఒంటి బ్యాలెన్సు తప్పడం కూడా లెక్కలోకి తీసుకోండి. మెదడు వెనక భాగంలో వచ్చే స్ట్రోక్‌లో మూతీ చెయ్యీ బాగానే ఉండవచ్చు.

ఫోన్ పెట్టేసేలోపు ఇంటివాళ్లకు చెప్పాల్సినవి: నీళ్లు, కాఫీ, బిళ్ళ ఏదీ నోట్లో పెట్టొద్దు, ఆస్పిరిన్ కూడా వద్దు. మింగలేని మనిషికి అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది, పైగా రక్తస్రావమైతే ఆస్పిరిన్ దాన్ని పెంచుతుంది. వాంతి వస్తుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. వాడే మందుల అట్టలన్నీ ఒక సంచిలో వేసుకోండి. ఆధార్, రేషన్ కార్డు తీసుకోండి. ఆఖరుసారి మనిషిని బాగా చూసినవారు బండి ఎక్కాలి. వాళ్లు రాలేకపోతే వాళ్ల ఫోన్ నంబరు రావాలి.

ఈ ఆఖరి సంగతి చాలా చోట్ల జారిపోతుంది. అంబులెన్సులో పెద్దమనిషి అని బావమరిదిని ఎక్కిస్తారు. ఆయన పది నిమిషాల క్రితమే ఆ ఇంటికి వచ్చాడు. పొద్దున ఏం జరిగిందో తెలిసిన కోడలు ఇంట్లోనే ఉండిపోతుంది.

4. అంబులెన్సులో 15 నిమిషాల లోపు

ఇంటి దగ్గర ఆగే సమయం 15 నిమిషాలు మించకూడదు. 10 అయితే ఇంకా మంచిది. దారిలో చేయగలిగినవి ఇంటి గుమ్మం ముందు చేయొద్దు.

గ్లూకోమీటరు చుక్క తప్పనిసరి. షుగర్ బాగా పడిపోతే అచ్చం స్ట్రోక్‌లాగే చెయ్యి పడిపోతుంది. 60 కన్నా తక్కువుంటే గ్లూకోజ్ ఎక్కించి మళ్లీ చూడండి. షుగర్ మామూలుగా ఉన్నవారికి మాత్రం డెక్స్‌ట్రోజ్ బాటిల్ పెట్టొద్దు, పెరిగిన షుగర్ మెదడు వాపును పెంచుతుంది. సెలైనే పెట్టండి. ఆక్సిజన్ 94 శాతం కన్నా తక్కువుంటేనే ఇవ్వండి. బీపీ చూడండి, రాయండి, తగ్గించకండి. గడ్డ అడ్డం పడినప్పుడు ఒళ్లు బీపీ పెంచేది పక్క దారుల్లోంచి మెదడుకు రక్తం తోయడానికే. నాలుక కింద బిళ్ళతో దాన్ని ఒక్కసారిగా పడగొడితే ఇంకా బతికి ఉన్న భాగం కూడా ఎండిపోతుంది. సూది ఇచ్చే ముందు బీపీ 185/110 కన్నా తక్కువ ఉండాలి. ఆ పని ఆసుపత్రిలో, నరం ద్వారా, కొలుచుకుంటూ చేస్తారు.

వీలైతే 18 నంబరు క్యాన్యులా మోచేతి మడతలో, కుడి వైపు వేయండి. మెదడు రక్తనాళాల సీటీ తీయాలంటే రంగుమందు వేగంగా పోవాలి, మణికట్టు మీది సన్న క్యాన్యులా దానికి సరిపోదు. ఒక్కసారి ప్రయత్నించి దొరక్కపోతే వదిలేసి బండి కదిలించండి.

పెద్ద గడ్డ గుర్తు పట్టడానికి చెయ్యి బలహీనత ఉన్నవారిలో మూడు చూడండి. కళ్లు ఒక పక్కకే అతుక్కుపోయాయా, లేదా చూపు ఒక వైపు పోయిందా? పెన్ను చూపించి ఇదేంటంటే చెప్పలేకపోతున్నారా, చెప్పిన పని అర్థం కావడం లేదా? ఒక పక్క ఉన్న మనిషిని, తన సొంత చేతిని గుర్తించడం మానేశారా? చేతి బలహీనతకు ఇందులో ఒక్కటి తోడైనా ఫోన్‌లో "పెద్ద గడ్డ అనుమానం" అని చెప్పండి.

ఆఖరుసారి బాగున్న సమయం. దీని మీద రెండు నిమిషాలు ఖర్చు పెట్టినా పరవాలేదు. ఇంటివాళ్లు చెప్పేది "మేం చూసిన సమయం". మనకు కావాల్సింది "మనిషి బాగున్న ఆఖరి సమయం". పొద్దున 6కి లేపితే చెయ్యి ఆడలేదంటే, స్ట్రోక్ 6కి వచ్చినట్టు కాదు, రాత్రి పడుకున్నప్పటి నుంచి ఎప్పుడైనా వచ్చి ఉండవచ్చు. అప్పుడు ఇలా అడగండి: తెల్లవారుజామున బాత్‌రూమ్‌కి లేచారా? పాలవాడికి తలుపెవరు తీశారు? ఫోన్‌లో ఆఖరి కాల్ ఎన్నింటికి ఉంది, ఎవరితో, అప్పుడు మాట బాగానే ఉందా? ఒక్క కాల్ లాగ్‌తో గడిచిన సమయం 8 గంటల నుంచి 2 గంటలకు దిగి మనిషి చికిత్సకు పనికొచ్చిన సందర్భాలు ఉంటాయి. గడియారంలోని సమయమే రాయండి, "గంట క్రితం" అని కాదు. ఆ గంట ప్రతి చేతిలోనూ "గంట క్రితం"గానే ఉండిపోతుంది.

గడువు దాటిందని అంబులెన్సులో ఎవరూ తీర్పు చెప్పకూడదు. 2018లో వచ్చిన డాన్, డిఫ్యూజ్-3 అధ్యయనాల తర్వాత, స్కాన్‌లో ఇంకా బతికి ఉన్న మెదడు కనిపించిన కొందరికి 24 గంటల వరకూ గడ్డ తీయవచ్చని తేలింది.

రక్తం పలచబడే మందుల గురించి అడిగేటప్పుడు "గుండె వాల్వు ఆపరేషన్ అయిందా, నెలనెలా రక్తపరీక్ష చేయించుకుని డోసు మార్చే బిళ్ళ వాడుతున్నారా" అనండి. వార్ఫరిన్, అసిట్రోమ్ వాడేవాళ్లకు పేరు గుర్తుండదు, నెలనెలా పరీక్ష గుర్తుంటుంది. డాబిగాట్రాన్, రివరాక్సబాన్, ఎపిక్సబాన్ వాడేవారికి ఆ పరీక్ష ఉండదు, అందుకే అట్టల సంచి. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడుతున్నా సూదికి అడ్డం కాదు.

5. ముందస్తు ఫోన్, సూది పడే చోటు

ఈ మొత్తం గొలుసులో ఖర్చు లేకుండా ఎక్కువ నిమిషాలు మిగిల్చేది ఈ ఒక్క ఫోనే. ప్రతి రెండో, మూడో తరగతి ఆసుపత్రికీ ఒకే స్ట్రోక్ నంబరు ఉండాలి. ఆ ఫోన్ డాక్టరు జేబులో కాదు, క్యాజువాలిటీ నర్సింగ్ స్టేషన్‌లో ఛార్జర్‌కి తగిలించి ఉండాలి. డాక్టర్లు మారతారు, ఆపరేషన్‌లో ఉంటారు, సెలవు పెడతారు. వాట్సాప్ గ్రూపు రికార్డుకు పనికొస్తుంది, అలారానికి పనికిరాదు. గ్రూపులో పేరు, మొహం, ఆధార్ ఫోటో పెట్టకూడదు.

ఈఎంటీ చెప్పాల్సింది 30 సెకన్లలో, ఈ వరుసలో:

"108 నుంచి. స్ట్రోక్ అలర్ట్. 58 ఏళ్ల మగ. కుడి చెయ్యి కాలు పడిపోయాయి, మాట రావడం లేదు, కళ్లు ఎడమకు తిరిగాయి, పెద్ద గడ్డ అనుమానం. ఆఖరుసారి బాగున్నది 7:10, చూసింది కూతురు, వెంట ఉంది. షుగర్ 164, బీపీ 190/100. రక్తం పలచబడే మందు లేదు. 14 నిమిషాల్లో వస్తాం."

నర్సు సమయాన్నీ, నిమిషాలనూ తిరిగి చదివి, "సీటీ ఉంది, రండి" అనో "సీటీ చెడిపోయింది, ఫలానా చోటికి వెళ్లండి" అనో అక్కడికక్కడే చెప్పాలి. "డాక్టర్‌ని అడిగి చెప్తాను" అన్న జవాబు ఉండకూడదు.

ఫోన్ పెట్టిన తర్వాత ఆ 14 నిమిషాల్లో సీటీ బల్ల ఖాళీ చేయాలి. తాత్కాలిక నంబరుతో ఓపీ రికార్డు తెరవాలి, ఆధార్ తర్వాత కలుపుకోవచ్చు. డ్యూటీ డాక్టరు సీటీ గది దగ్గరికి రావాలి. మందుల పెట్టె కూడా అక్కడికే రావాలి. సెక్యూరిటీ గార్డు గేటు ముందు ఆగిన ఆటోలను జరపాలి, లిఫ్ట్ కింద ఆపి ఉంచాలి. ఇది చిన్న పనిలా ఉంటుంది కానీ లిఫ్ట్ పై అంతస్తులో ఆగి ఉంటే నాలుగైదు నిమిషాలు అక్కడే పోతాయి.

రోగి అంబులెన్సు స్ట్రెచర్ మీది నుంచి క్యాజువాలిటీ మంచం ఎక్కకుండా నేరుగా సీటీ బల్ల మీదికే పోవాలి. ఫిన్లాండ్‌లోని హెల్సింకిలో ఇలాంటి మార్పులు ఒక్కొక్కటిగా చేసుకుంటూ పోయి, 2011కల్లా తలుపు దాటినప్పటి నుంచి సూది పడేదాకా మధ్యస్థ సమయాన్ని 20 నిమిషాలకు దించారు. మన దగ్గర మొదటి ఏడాదికి 60 నిమిషాలు పెట్టుకుని, తర్వాత 45కీ 30కీ దిగడం సాధ్యమే. సీటీ 20 నిమిషాల లోపు పూర్తవ్వాలి.

సూదికి ముందు తప్పనిసరిగా చేతిలో ఉండాల్సిన రక్తపరీక్ష షుగర్ ఒక్కటే. వార్ఫరిన్ లాంటివి వాడుతున్న అనుమానం ఉంటేనే ఐఎన్ఆర్ (రక్తం ఎంత పలచబడిందో చూపే పరీక్ష) కోసం ఆగాలి. అది 1.7 దాటితే ఇవ్వరు. ప్లేట్‌లెట్లు, క్రియాటినిన్‌కి రక్తం తీసి పంపి, ఫలితాలు తీరిగ్గా రానివ్వండి, ఈసీజీ, ఛాతీ ఎక్స్‌రే కూడా తర్వాతే, వాటి కోసం సూది ఆగకూడదు.

బరువు ఊహించకండి. స్ట్రెచర్ తూకం లేకపోతే ఇంటివాళ్లను అడిగి, ఇద్దరు విడివిడిగా అంచనా వేసి సరిచూసుకోండి. గడ్డ కరిగించే మందులు రెండు, ఆల్టెప్లేజ్, టెనెక్టెప్లేజ్. ఆల్టెప్లేజ్ కిలోకు 0.9 మి.గ్రా., మొత్తం 90 మించకూడదు. పదో వంతు ఒక నిమిషంలో, మిగిలింది గంటలో పోవాలి. 60 కిలోల మనిషికి 54 మి.గ్రా., అందులో 5.4 ముందు, 48.6 పంపులో. టెనెక్టెప్లేజ్ అంతర్జాతీయ మార్గదర్శకాల్లో కిలోకు 0.25 మి.గ్రా., గరిష్ఠం 25, ఒకే ఇంజెక్షన్. మన దేశంలో కొన్ని బ్రాండ్ల లేబుల్ మీద 0.2 ఉంటుంది. మీ దగ్గరున్న బ్రాండ్‌కి డాక్టర్లు ముందే కూర్చుని ఒక పట్టిక ఖరారు చేసి పెట్టె మూత లోపల అతికించండి.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది, దాన్ని గట్టిగా చెప్పాలి. ఇదే టెనెక్టెప్లేజ్ గుండెపోటుకు కూడా వాడతారు, అక్కడి మోతాదు బరువును బట్టి 30 నుంచి 50 మి.గ్రా. చేయి తిరిగిన నర్సు అలవాటుగా గుండెపోటు మోతాదు తీస్తే స్ట్రోక్ రోగికి మెదడులో రక్తం చిమ్మే ముప్పు పెరుగుతుంది. స్ట్రోక్ పెట్టె వేరే రంగులో, వేరే అరలో, "25 మించరాదు" అన్న ఎర్ర అక్షరాలతో ఉండాలి. మోతాదు ఒకరు లెక్కేసి ఇంకొకరు పైకి చదివి సరిచూడాలి. అదే పెట్టెలో బీపీకి లాబెటలాల్ ఇంజెక్షన్ కూడా పెట్టండి. రామిప్రిల్, ఎనలాప్రిల్ అనే బీపీ బిళ్ళలు వాడేవారిలో సూది తర్వాత అప్పుడప్పుడు నాలుక వాస్తుంది. మొదటి రెండు గంటలూ నోరు తెరిచి చూస్తుండాలి.

ఒప్పించడం కూడా నిమిషాలు తినే చోటే. ఇంటివాళ్లకు ఇలా చెప్పవచ్చు: "మెదడుకు రక్తం తీసుకెళ్లే నాళంలో గడ్డ అడ్డం పడిందమ్మా. దాన్ని కరిగించే మందు ఇది. ఇస్తే మళ్లీ తన పనులు తాను చేసుకునే అవకాశం పెరుగుతుంది. వందలో ఆరుగురికి దాకా మెదడులో రక్తస్రావం కావచ్చు, అది ప్రాణం మీదికి రావచ్చు. అది తెలిసే ఇవ్వమంటున్నాం. ఆలస్యమయ్యే కొద్దీ లాభం తగ్గి ముప్పు మిగులుతుంది." ఆ ఆరు శాతం 1995 నాటి ఎన్ఐఎన్‌డీఎస్ అధ్యయనంలోది. ఊరి నుంచి పెద్దకొడుకు వచ్చి సంతకం పెట్టేదాకా ఆగుదామంటే, ఆయనకు స్పీకర్ ఫోన్‌లో ఇదే చెప్పి సాక్షి పేరు రాయండి.

డబ్బు మాట దగ్గర కూడా ఆగకూడదు. మొదటి వయల్ ఆసుపత్రి అల్మరాలోంచే రావాలి. ఎన్టీఆర్ వైద్య సేవ (ప్రభుత్వ ఉచిత వైద్య పథకం) కాగితాలు ఆ డెస్క్ సిబ్బంది పక్కన చూసుకోవాలి.

సీటీలో రక్తస్రావం కనిపిస్తే సూది లేదు కానీ తొందర అంతే ఉంది. పై బీపీని గంటలోపు 140 దరిదాపులకు నెమ్మదిగా తేవడం, వార్ఫరిన్ ప్రభావాన్ని విరిచే మందు, జ్వరం, షుగర్ అదుపు, న్యూరోసర్జన్‌కి ఫోన్, ఇవన్నీ కలిపి ఒకేసారి మొదలవ్వాలి. "రక్తస్రావమే, చేసేదేం లేదు" అని మూలకు నెట్టడం చాలా చోట్ల జరిగే తప్పు.

6. ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి

న్యూరాలజిస్టు లేని ఊళ్లో సీటీ ఉంటే చాలు, సూది అక్కడే పడాలి. హిమాచల్ ప్రదేశ్‌లో 2014 నుంచి జిల్లా ఆసుపత్రుల ఫిజీషియన్లు స్మార్ట్‌ఫోన్‌లో న్యూరాలజిస్టుతో మాట్లాడుకుంటూ ఈ పని చేశారు. కొండల్లో సాధ్యమైంది తెనాలిలో, నరసరావుపేటలో, మచిలీపట్నంలో ఎందుకు కాదు? సీటీ తెర మీది బొమ్మలను పైనుంచి కిందికి జరుపుతూ 20 సెకన్ల వీడియో తీసి పంపితే ప్రాథమిక నిర్ణయానికి సరిపోతుంది. సీడీ రాసేదాకా కూర్చోవద్దు.

పెద్ద గడ్డ ఉంటే సూది పెట్టి పైకి పంపాలి. మొదటి ఆసుపత్రిలో లోపలికి వచ్చినప్పటి నుంచి బయటికి కదిలేదాకా 120 నిమిషాలు గరిష్ఠం, 90 లక్ష్యం. ఇది ఎందుకు తప్పుతుందంటే, తెచ్చిన అంబులెన్సు రోగిని దించేసి వెళ్లిపోతుంది, గంట తర్వాత మళ్లీ 108కి కొత్త కాల్ చేస్తారు. అందుకే పెద్ద గడ్డ అనుమానమున్న కేసులో సీటీ చూసేదాకా, సుమారు 20 నిమిషాలు, తెచ్చిన బండే ఆగాలన్న ఒప్పందం 108 జిల్లా మేనేజరుతో ముందే రాసుకోవాలి. ఆ సమయంలో మండలంలో ఇంకో కేసు వస్తే పక్క మండలం బండి కదులుతుంది. ఇది వాళ్లకూ నిజమైన ఇబ్బందే కాబట్టి, 20 నిమిషాలు దాటాక బండిని పట్టి ఉంచకూడదు.

పైన తీసుకునే ఆసుపత్రి "బెడ్ లేదు" అనే వీల్లేదు. ఒక్క ఫోన్, ఒక్క అవును. రోగి దారిలో ఉండగా బెడ్ వెతకడం వాళ్ల పని. ఆల్టెప్లేజ్ పంపు నడుస్తుంటే నర్సు బండిలో ఉండాలి, 15 నిమిషాలకోసారి బీపీ చూడాలి, 180/105 దాటనివ్వకూడదు. ఒక్కసారిగా తలనొప్పి, వాంతి, మత్తు వస్తే పంపు ఆపి ముందుకు ఫోన్ చేయాలి. టెనెక్టెప్లేజ్ అయితే ఒక్క సిరంజితో అయిపోతుంది కనుక పంపు బెడద ఉండదు.

7. వార్డులో

మింగే పరీక్ష కాకముందు చుక్క నీళ్లు కూడా వద్దు. జ్వరం, షుగర్, మింగడం, ఈ మూడింటినీ నర్సులు పద్ధతిగా చూసుకుంటేనే మరణం లేదా వైకల్యం పాలయ్యేవారు తగ్గారని ఆస్ట్రేలియాలో 2011లో వచ్చిన అధ్యయనం చూపింది. సూది పడినవారికి 24 గంటల తర్వాత మళ్లీ సీటీ తీసి, రక్తస్రావం లేదంటేనే ఆస్పిరిన్.

8. గడియారాలు, పుస్తకం, నెలకో సమావేశం

ఆసుపత్రి గోడ గడియారం 6 నిమిషాలు ముందుంటే లెక్కలన్నీ అబద్ధాలే. అందరూ మొబైల్ సమయమే రాయాలి. ఒక్కో రోగికి ఒక్క వరుస: ఆఖరుసారి బాగున్నది, 108 కాల్, బండి చేరినది, బండి కదిలినది, ముందస్తు ఫోన్, తలుపు, సీటీ, సూది, పైకి పంపితే బయటి తలుపు. సూది ఇవ్వని రోగులనూ రాయండి, ఎందుకు ఇవ్వలేదో పక్కన రాయండి. అసలు సంగతులు ఆ గడిలోనే బయటపడతాయి.

సగటు తీయకండి, మధ్యలోని విలువ చూడండి. ఒక్క రోగికి 4 గంటలు పడితే సగటు పాడై, మిగతావాళ్ల శ్రమ కనపడదు. ఆ నాలుగు గంటల కేసును విడిగా చర్చించండి.

నెలకోసారి గంటసేపు కూర్చోండి. ఈఎంటీ, పైలట్ (108 బండి డ్రైవరు), సీటీ టెక్నీషియన్, నర్సు, గేటు గార్డు కూడా ఉండాలి. తప్పు ఎవరిదన్నది కాదు, నిమిషాలు ఏ అతుకు దగ్గర పోయాయన్నదే ప్రశ్న. తప్పుడు అలారాలు వస్తాయి. ఫిట్స్, మైగ్రేన్, షుగర్ తగ్గడం స్ట్రోక్‌లాగే కనపడతాయి. వాటికి ఈఎంటీని కసిరితే రేపు నిజమైన కేసుకు ఫోన్ చేయడు. రెండు రోజుల్లోగా బండి సిబ్బందికి వాళ్లు తెచ్చిన మనిషి సంగతి, పేరు లేకుండా, ఒక మెసేజ్ పెట్టండి. రోగి ఏమయ్యాడో తెలియని ఉద్యోగం వాళ్లది.

9. ఊళ్లో

గొలుసు ఎంత బిగించినా మొదటి గంట ఊళ్లోనే పోతుంది. మూతి, చెయ్యి, మాట, 108. ఈ నాలుగు మాటలు ఆశా కార్యకర్తల నోట, రైతుబజార్లలో, మిర్చి యార్డు మైకులో, ఆదివారం చర్చిలో, శుక్రవారం మసీదులో వినపడాలి. పావురం రక్తం పూయడం, పసరు పోయడం, నూనెతో రుద్దడం ఇంకా ఉన్నాయి. వాటిని నమ్మేవాళ్లను ఎగతాళి చేస్తే దూరమవుతారు. "తర్వాత ఏం చేసుకున్నా, ముందు ఈ నాలుగు గంటలు ఆసుపత్రికి ఇవ్వండి" అంటే వింటారు. ఆర్ఎంపీలనూ శత్రువులుగా చూడొద్దు. ఊళ్లో మొదట పిలిచేది వాళ్లనే. వాళ్లకు రెండే చెప్పండి: నాలుక కింద బిళ్ళ వద్దు, స్ట్రోక్ నంబరు ఇదీ.

మొదలుపెట్టే వరుస

మొదటి వారం రాత్రి ఫోన్లు చేసి పటం పూర్తి చేయండి. రెండో వారం మూడు ఆసుపత్రుల్లోనే స్ట్రోక్ ఫోన్ పెట్టి, ఒక పది 108 బండ్లకు 30 సెకన్ల మాట నేర్పండి. అన్నిటినీ ఒకేసారి కలిపితే ఏదీ నిలవదు. మూడో వారం స్టాప్‌వాచ్‌తో గేటు నుంచి సీటీ బల్లదాకా ఖాళీ స్ట్రెచర్ తోసి చూడండి, పగలు ఒకసారి, రాత్రి 2కి ఒకసారి. ర్యాంపు దగ్గర బైకులు, తాళం వేసిన వెనక తలుపు, నిద్రలో ఉన్న లిఫ్ట్ ఆపరేటరు, అన్నీ అప్పుడే కనపడతాయి. నాలుగో వారం మందుల పెట్టె సర్ది, గడువు తేదీలు మూత మీద రాసి, అసలు అలర్టులు తీసుకోవడం మొదలుపెట్టండి. ఆపైన ప్రతి నెలా ఒకటో తేదీ రాత్రి 2 గంటలకు పటం మీది ప్రతి నంబరుకూ మళ్లీ ఫోన్ చేసి, ఎవరు ఎన్ని రింగులకు ఎత్తారో రాసుకోండి.